వార్డుకు వెళ్లే సూట్‌కేసు

మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. పక్కన ఆసుపత్రి నుంచి వచ్చిన రెండు పేజీల కాగితం. ఒక పేజీలో తెచ్చుకోవలసినవి, రెండో పేజీలో తేకూడనివి. లండన్‌లో పీజీ చదువుతున్న మన తెలుగమ్మాయి ఒకర్ని ఊహించుకుందాం. ఇరవై మూడేళ్లు. సోమవారం పొద్దున ఆమె ఈటింగ్ డిజార్డర్ల వార్డులో చేరాలి. గుంటూరు నుంచి వాళ్లమ్మ వారం కిందటే వచ్చింది. కాగితంలో మొదటి వరుస చదివి ఆవిడ తలెత్తింది: "జూన్ నెల్లో స్వెటర్లూ, ఉన్ని మేజోళ్లూ ఎందుకమ్మా?"

ఈ అధ్యాయం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. ఆసుపత్రి రాసిచ్చిన జాబితాలో ప్రతి వస్తువు వెనకా శరీరం గురించో, మెదడు గురించో ఒక సంగతి ఉంది. ఆ సంగతులు తెలిస్తే వార్డంటే ఉన్న భయం కొంత తగ్గుతుంది. తెలియకపోతే అక్కడి నియమాలన్నీ శిక్షల్లా కనిపిస్తాయి.

ఈటింగ్ డిజార్డర్లు అంటే తిండి చుట్టూ అల్లుకున్న మానసిక జబ్బులు. తిండి తగ్గించుకుంటూ, లావవుతామన్న భయంతో శరీరాన్ని ఎండగట్టేది అనొరెక్సియా నెర్వోసా. అదుపు తప్పి తినడం, ఆ తర్వాత దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూడడం బులీమియా. వీటిలో అనొరెక్సియా ప్రాణానికి ఎంత ప్రమాదమో 2011లో అచ్చయిన ఒక పెద్ద సమీక్ష లెక్కగట్టింది. అదే వయసువాళ్లతో పోలిస్తే ఈ జబ్బు ఉన్నవాళ్లలో మరణాలు దాదాపు ఆరు రెట్లు ఎక్కువ. ఆ మరణాల్లో ఐదింట ఒకటి ఆత్మహత్య. మగపిల్లలకూ వస్తుంది. సన్నగా కనిపించనివాళ్లకూ వస్తుంది. బరువు బాగా వేగంగా తగ్గితే, చూడ్డానికి మామూలుగా ఉన్న మనిషి కూడా అంతే ప్రమాదంలో ఉండొచ్చు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ అధ్యాయంలో కేజీల్లో బరువులు గానీ, కేలరీల లెక్కలు గానీ ఉండవు. ఈ జబ్బుతో ఉన్నవాళ్లు కూడా ఈ పుస్తకం చదువుతారు. జబ్బు ఏ అంకె కంటపడినా దాంతో పోటీకి దిగుతుంది. ఆ అవకాశం దానికి ఇవ్వదలచుకోలేదు.

స్వెటర్

జీతం ఆగిపోయిన ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ముందు సినిమాలు, ప్రయాణాలు ఆగుతాయి. తర్వాత ఇంటి మరమ్మతులు వాయిదా పడతాయి. చివరికి రాత్రి ఎనిమిదికే లైట్లన్నీ ఆర్పేస్తారు. తిండి అందని శరీరం కూడా ఇదే వరసలో ఖర్చు తగ్గిస్తుంది. పిల్లల్ని కనడానికి సంబంధించిన హార్మోన్లను మొదట్లోనే తగ్గించేస్తుంది, నెలసరి ఆగిపోతుంది. చురుగ్గా పనిచేసే థైరాయిడ్ హార్మోను తగ్గుతుంది. చర్మానికి, వేళ్లకు వెళ్లే రక్తాన్ని లోపలి అవయవాలకు మళ్లిస్తుంది. అందుకే చేతులు చల్లబడి నీలంగా మారతాయి. కొందరికి వీపు మీద, చేతుల మీద పసిపిల్లలకుండే నూగు మొలుస్తుంది. గుండె నెమ్మదిస్తుంది.

ఈ నెమ్మదిని చూసే ఇంట్లోవాళ్లు పొరబడతారు. "క్రీడాకారుల గుండె కూడా నెమ్మదిగానే కొట్టుకుంటుంది కదా" అనుకుంటారు. క్రీడాకారుడి గుండె కండ బలిసి, ఒక్క దెబ్బకే ఎక్కువ రక్తం తోయగలదు కాబట్టి తాపీగా కొట్టుకుంటుంది. ఆకలితో ఉన్నవాళ్ల గుండె కండే పలచబడి, శక్తి చాలక నెమ్మదిస్తుంది. నాడి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి గానీ గుండెలు ఒకటి కావు.

లండన్ వైద్యుడు సర్ విలియం గల్ 1873లో ఈ జబ్బును వర్ణించినప్పుడు ఈ చల్లదనాన్నీ, నెమ్మదించిన నాడినీ రాసి పెట్టాడు. అంత బక్కచిక్కిన రోగులు కాలు నిలవకుండా తిరుగుతుండడం ఆయనకు మరీ వింతగా తోచింది. అదే ఏడాది పారిస్‌లో చార్లెస్ లాసెగ్ కూడా ఇదే జబ్బు గురించి రాశాడు. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు గల్ పెట్టినదే.

స్వెటర్ ఎందుకో ఇప్పుడు అర్థమైంది. వార్డు ఎంత వెచ్చగా ఉన్నా లోపలి పొయ్యి సన్నగా మండుతోంది. అది మళ్లీ రాజుకునేదాకా ఉన్ని బట్టలు కావాలి.

రక్తపరీక్షల కాగితాలు

జాబితాలో తర్వాతివి పాత వైద్యుల చీటీలు, ఈసీజీలు, వాడుతున్న మందులు. వార్డులో చేరగానే మళ్లీ ఈసీజీ తీస్తారు, రక్తం తీస్తారు. గొంతుక్కూర్చోబెట్టి, చేతుల ఆసరా లేకుండా లేవమంటారు. వెల్లకిలా పడుకుని చేతులు ఆన్చకుండా లేచి కూర్చోమంటారు. యంత్రం అక్కర్లేని ఈ రెండు పరీక్షలు కండలు ఎంత కరిగాయో చెప్పేస్తాయి. లేవలేకపోతే అది ప్రమాద సూచన.

రక్తంలో చూసేవాటిలో ముఖ్యమైనవి పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్. ఈ మూడింటి మీద డాక్టర్లకు అంత శ్రద్ధ ఎందుకో తెలియాలంటే ఒక పాత విషాదం తెలుసుకోవాలి. ఆకలితో మలమల మాడిన మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెడితే ప్రాణం పోవచ్చు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో జెరూసలేం ముట్టడి గురించి రాసిన చరిత్రకారుడు జోసెఫస్, ఆకలితో బయటపడి ఆత్రంగా తిని చనిపోయినవాళ్ల గురించి చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో ఖైదు శిబిరాల నుంచి విడుదలైనవాళ్లలో వైద్యులు మళ్లీ అదే చూశారు. జపాన్ యుద్ధఖైదీల మీద చేసిన ఒక అధ్యయనం 1951లో వెలువడింది. దీన్నే ఇప్పుడు రీఫీడింగ్ సిండ్రోమ్ అంటున్నారు.

లోపల జరిగేది ఇది. తిండి లేని రోజుల్లో కణాలు చక్కెర బదులు కొవ్వును మండించుకుంటూ బతుకుతాయి. కణాల లోపలి ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు మెల్లగా ఖాళీ అవుతాయి. రక్తంలో మాత్రం వాటి పాళ్లు మామూలుగానే కనబడొచ్చు. గల్లాపెట్టెలో చిల్లర ఉంది, బ్యాంకు ఖాతా ఖాళీ. అప్పుడు అన్నం వచ్చింది. అన్నంతో చక్కెర, చక్కెరతో ఇన్సులిన్. ఇన్సులిన్ తలుపులు తీయగానే ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న కణాలు చక్కెరతో పాటు ఆ మూడు లవణాలనూ లోపలికి లాగేసుకుంటాయి. రక్తంలో ఫాస్ఫేట్ దభాలున పడిపోతుంది. గుండె లయ తప్పొచ్చు, ఊపిరి తీసే కండరాలు నీరసించొచ్చు.

ఫాస్ఫేట్ లేకపోతే ఎందుకంత ముప్పు? కణం చేసే ప్రతి పనికీ శక్తిని అందించే ఏటీపీ అనే పదార్థంలో మూడు ఫాస్ఫేట్లు గొలుసుకట్టి ఉంటాయి. ఈ కథలో మనవారు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివి, అమెరికా వెళ్లిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో ఆయన రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. నీలిరంగు ఎంత గాఢంగా వస్తే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఫిస్కె–సుబ్బారావు పద్ధతిగా అది దశాబ్దాల పాటు ప్రపంచంలోని లేబొరేటరీల్లో నడిచింది. ఆ కొలతే వాళ్లను కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికీ, 1929లో ఏటీపీ దగ్గరికీ తీసుకుపోయింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. మొదటి వారంలో నర్సు రోజూ వచ్చి రక్తం తీస్తుంటే విసుగొస్తుంది. ఆ చిన్న గొట్టంలో వెతికేది సుబ్బారావుగారు కొలవడం నేర్పిన పదార్థాన్నే అని తెలిస్తే కాస్త ఓర్పు రావచ్చు.

మరో జాగ్రత్త థయమిన్ అనే బి1 విటమిన్. చక్కెరను మండించడానికి కణానికి అది కావాలి. ఆకలి రోజుల్లో దాని నిల్వా తరిగిపోతుంది. మర పట్టిన తెల్లబియ్యం మీదే ఎక్కువగా బతికిన మన కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి కనిపించింది ఈ విటమిన్ చాలకే. అందుకే వార్డులో అన్నం కంటే ముందు థయమిన్ మాత్ర వస్తుంది. ఆ తర్వాత తిండి మోతాదును లెక్కప్రకారం పెంచుకుంటూ పోతారు. మరీ వేగంగా పెంచితే రీఫీడింగ్ ప్రమాదం. మరీ భయపడి చాలీచాలకుండా పెడితే ఆకలే చంపుతుంది. బ్రిటన్ సైకియాట్రిస్టుల రాయల్ కాలేజీ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ రెండు తప్పుల గురించీ హెచ్చరించాయి. ఇంట్లో "రేపటి నుంచి బాగా తింటాను" అని ఒట్టు పెట్టుకోవడం సరిపోని దశ ఒకటుంటుంది. అక్కడికి చేరినవాళ్లకు మళ్లీ తినడం మొదలుపెట్టడమే ఒక వైద్య ప్రక్రియ. దాన్ని ఈసీజీ, లేబొరేటరీ ఉన్న చోటే చేయాలి.

తేకూడని చూయింగ్ గమ్

రెండో పేజీ చదివి అమ్మాయి నొచ్చుకుంది. చూయింగ్ గమ్, డైట్ కూల్‌డ్రింకులు, అడుగులు లెక్కబెట్టే వాచీ, బరువు చూసుకునే యంత్రం, విరేచనాల మాత్రలు. ఇవేవీ తేకూడదట. "గమ్ నమిలితే వీళ్లకేం పోయింది?"

జవాబు కోసం 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. యుద్ధంతో యూరప్ ఆకలితో అల్లాడుతోంది. ఆకలిగొన్నవాళ్లను మళ్లీ మనుషుల్ని చేయడం ఎలాగో ఎవరికీ సరిగ్గా తెలియదు. శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పని యువకులను స్వచ్ఛందంగా రమ్మన్నాడు. ఆరోగ్యంగా, నిబ్బరంగా ఉన్న 36 మందిని ఎంచుకున్నాడు. విశ్వవిద్యాలయ స్టేడియం కింది గదుల్లో వాళ్ల నివాసం. 12 వారాలు మామూలు తిండి. ఆ తర్వాత 24 వారాలు బ్రెడ్డు, బంగాళదుంపలు, టర్నిప్పులు, క్యాబేజీ, అదీ అర్ధాకలిగా. వారానికి 22 మైళ్ల నడక. చివర 12 వారాలు కోలుకునే తిండి.

అర్ధాకలి ముగిసేసరికి వాళ్ల శరీరాల్లో నాలుగో వంతు కరిగిపోయింది. అయితే కీస్ బృందాన్ని నివ్వెరపరిచింది వాళ్ల మనసుల్లో వచ్చిన మార్పు. అప్పటిదాకా రాజకీయాలు, దేవుడు, చదువుల గురించి వాదించుకున్న యువకులు తిండి తప్ప వేరే మాట మాట్లాడడం మానేశారు. వంటల పుస్తకాలు పోగేసుకుని రాత్రిళ్లు చదివారు. పళ్లెంలోని పిడికెడు తిండిని గంటల తరబడి కెలికారు, నీళ్లు కలిపి పెంచారు, చివర పళ్లేలు నాకారు. కాఫీ ఎంత తాగేవారంటే రోజుకు తొమ్మిది కప్పులు దాటకూడదని నిబంధన పెట్టవలసి వచ్చింది. ఒకడు రోజుకు నలభై ప్యాకెట్ల దాకా గమ్ నమిలాడు. ఎండాకాలంలో చలితో వణికారు. చిరాకు, దిగులు, ఒంటరితనం పెరిగాయి. నవ్వడం తగ్గిపోయింది. కొందరికి కోలుకునే తిండి పెట్టిన తర్వాత కూడా నెలల తరబడి ఆకలి తీరలేదు. 1950లో అచ్చయిన ఆ ప్రయోగపు రెండు సంపుటాల గ్రంథం ఇవాళ్టికీ ఈటింగ్ డిజార్డర్ల వైద్యులకు మూలగ్రంథం.

ఆ 36 మందికీ ఏ మానసిక జబ్బూ లేదు. వంటల వీడియోలు రాత్రంతా చూడడం, ఇంట్లో అందరికీ వండిపెట్టి తాను తినకపోవడం, ఇడ్లీని పదహారు ముక్కలు చేయడం, మాటంటే కస్సుమనడం. ఇవన్నీ పిల్ల స్వభావమనీ, పొగరనీ అనుకుంటాం. అందులో పెద్ద భాగం ఆకలి చేసిన పని. ఎవరిని ఆకలితో ఉంచినా మనసు అలాగే మారుతుంది. వార్డులో కౌన్సెలింగ్ కంటే ముందు కంచం వచ్చేది అందుకే. ఆకలిగా ఉన్న మెదడుతో లోతైన మాటలు సాగవు. స్కాన్ తీసి చూస్తే మెదడులోని బూడిదరంగు పదార్థం తగ్గి ఉంటుంది. తిండి అందాక అది చాలావరకు తిరిగి వస్తుంది.

ఐతే మిన్నెసోటా యువకులకూ ఈ అమ్మాయికీ పెద్ద తేడా ఒకటుంది. వాళ్లు అన్నం కోసం రోజులు లెక్కబెట్టారు. ఈమెకు అన్నం అంటేనే హడలు. తినకపోతే లోపలి ఆందోళన కాసేపు తగ్గినట్టుంటుంది. ఇలాంటి తత్వం కొంతవరకు పుట్టుకతో వస్తుంది. 2019లో దాదాపు 17 వేలమంది రోగుల జన్యువులను పరిశీలించిన అంతర్జాతీయ బృందం జన్యుక్రమంలో ఈ జబ్బుతో ముడిపడిన ఎనిమిది చోట్లను గుర్తించింది. ఆందోళన, కుంగుబాటు లాంటి మానసిక లక్షణాలతోనే కాక, శరీరం కొవ్వునూ చక్కెరనూ వాడుకునే తీరుతో కూడా వాటికి సంబంధం కనిపించింది. ఇది ఆడంబరం కోసం పట్టిన పంతం కాదని చెప్పడానికి ఆ ఒక్క పరిశోధన చాలు. గమ్, వాచీ, బరువు యంత్రం జబ్బు చేతిలో పనిముట్లు. వాటిని గుమ్మం దగ్గరే వదిలేస్తే లోపల పోరు కొంత సులువవుతుంది.

వదులు బట్టలు

కొత్తగా రెండు జతల వదులు పైజామాలు కొనుక్కోమని ఆసుపత్రి కాగితం చెబుతోంది. ఒంటిని పట్టి ఉండే పాత జీన్స్ ఇంట్లోనే వదిలేయమంటోంది.

మొదటి రెండు వారాల్లో శరీరం నీళ్లను పట్టి ఉంచుతుంది. చీలమండలు ఉబ్బుతాయి, కళ్ల కింద వాపు వస్తుంది. ఇన్నాళ్లూ పనిలేక మందగించిన జీర్ణాశయం నాలుగు ముద్దలకే నిండిపోయినట్టు, రాయి కట్టినట్టు ఉంటుంది. "నాకు అరగడం లేదు" అని ఆమె అంటే అది నిజమే. ఆ బాధ ఊహించుకున్నది కాదు. దానికి మందు మళ్లీ తినడమే. వేళకు తింటూ ఉంటే కొన్ని వారాల్లో పేగులు దారిలో పడతాయి. శరీరం మళ్లీ వేడెక్కుతున్న కొద్దీ కొందరికి రాత్రుళ్లు చెమటలు పడతాయి. తిరిగి వచ్చే కండా కొవ్వూ మొదట నడుము దగ్గరే చేరినట్టు కనిపిస్తాయి. నెలలు గడిచాక ఒళ్లంతా సర్దుకుంటాయి. ఇవన్నీ ముందే చెప్పి పంపాలి. చెప్పకపోతే, చేరిన పదో రోజున అద్దంలో చూసుకుని "నేను భయపడ్డదే జరిగింది" అని సంచి సర్దేసుకునే ప్రమాదం ఉంది.

చాలా వార్డుల్లో బరువు తూచేటప్పుడు రోగిని యంత్రం అంకెల వైపు వీపు పెట్టి నిలబడమంటారు. అంకెను చూసేది నర్సు ఒక్కతే. ఆ బరువును ఆ పూటకు ఆమె మోస్తుంది.

ఎముకల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎముక గట్టిదనం ఇరవైల్లో శిఖరానికి చేరుతుంది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఈస్ట్రోజెన్ తగ్గి, కార్టిసాల్ పెరిగితే ఎముకలు గుల్లబారతాయి. గుండె, పేగులు, మెదడు కోలుకున్నంత బాగా ఎముక కోలుకోదు. "ఇంకో సెమిస్టరు అయ్యాక చేరతాను" అనేవాళ్లకు వైద్యులు ముందుగా చెప్పే కారణాల్లో ఇదొకటి.

రంగు పెన్సిళ్లు

వార్డులో రోజుకు మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు. వేళ తప్పదు. భోజనానికి అరగంట, చిరుతిండికి పావుగంట అన్నట్టు గడువు ఉంటుంది. బల్ల చుట్టూ ఐదారుగురు రోగులు, వాళ్ల మధ్య ఒకరిద్దరు నర్సులు. నర్సు కూడా అదే తిండి తింటూ వాతావరణం గురించో, పెంపుడు కుక్క గురించో మాట్లాడుతుంది. తిండి గురించిన కబుర్లు ఉండవు. ఎదురుగా ఒకమ్మాయి చెంచా పట్టుకుని ఐదు నిమిషాలుగా కదలదు. నర్సు గొంతు పెంచదు. "చెంచా ఎత్తు. తర్వాతి ముద్ద గురించి తర్వాత చూద్దాం" అంటుంది. అంతే. ఆ ముద్ద లోపలికి పోవడానికి ఆ అమ్మాయి చెల్లించిన ధర బల్ల చుట్టూ ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

భోజనం అయ్యాక అరగంటో గంటో అందరూ ఒకే గదిలో కూర్చోవాలి. ఆ సమయంలో మరుగుదొడ్డికి ఒంటరిగా పంపరు. రోజు మొత్తంలో కష్టమైన సమయం అదే. భయం కెరటంలా లేస్తుంది, కాసేపు నిలబడుతుంది, దానంతటదే విరుగుతుంది. అది విరుగుతుందని మెదడుకు తెలియాలంటే విరిగేదాకా కూర్చోవాలి. రోజుకు ఐదారుసార్లు, వారాల తరబడి ఆ పాఠం జరుగుతుంది. చేతులకు పని ఉంటే కూర్చోవడం తేలిక. అందుకే రంగు పెన్సిళ్లు, ఊలు అల్లిక, పేకముక్కలు, పాటలు. పీజీ పాఠ్యపుస్తకాలు పెట్టుకెళ్లొద్దు. ఏకాగ్రత ఇంకా తిరిగిరాలేదు, నాలుగు పేజీలు చదవలేకపోతే దిగులు పెరుగుతుంది. ఎప్పుడో చదివి ఇష్టపడ్డ కథల పుస్తకం ఒకటి చాలు. కాలేజీకి ముందే ఉత్తరం రాసి చదువుకు విరామం తీసుకోవడం మంచిది. వార్డులో ఉండేది కొన్ని వారాలు కావచ్చు, కొన్ని నెలలు కావచ్చు.

నోటితో ఎంతకీ తినలేని స్థితి వస్తే ముక్కు గుండా సన్నని గొట్టం వేసి ఆహారం ఇస్తారు. చేరేముందే దీని గురించి అడిగి తెలుసుకోవాలి. చీకట్లో ఉంచితే ఈ విషయం మరింత భయపెడుతుంది.

అమ్మ తెచ్చిన ఆవకాయ సీసా

అమ్మ సూట్‌కేసులో ఒక మూల ఆవకాయ సీసా సర్దింది. అమ్మాయి తీసి పక్కన పెట్టింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

బయటి తిండిని వార్డులోకి రానివ్వకపోవడానికి కారణం ఉంది. డైటీషియన్ రాసిన పట్టికలో ప్రతిదీ కొలత ప్రకారం ఉంటుంది. అయితే ఆ పట్టిక రాసేముందు ఆవిడతో కూర్చుని మాట్లాడే హక్కు ఉంది. ఇంట్లో ఏం తినేవారు, శాకాహారమా, పెరుగన్నం లేకుండా భోజనం ముగియదా, ఏ వ్రతాలు పాటిస్తారు, అన్నీ చెప్పాలి. శాకాహారం గురించి డైటీషియన్ ఒక ప్రశ్న తప్పక వేస్తుంది: "ఇది మీ ఇంటి ఆచారమా, జబ్బు మొదలయ్యాక వచ్చిన అలవాటా?" పుట్టినప్పటి నుంచీ ఉన్నదైతే దాన్ని గౌరవిస్తారు. రెండేళ్ల కిందట మొదలై, ఆ తర్వాత నెయ్యి, ఆ తర్వాత అన్నం కూడా మానిపించినదైతే అందులో జబ్బు చెయ్యి ఉంది. ఉపవాసాల సంగతీ అంతే. ఏకాదశికైనా రంజాన్‌కైనా రోగులకు మినహాయింపు ఉందని పెద్దలు ఎప్పుడో చెప్పారు. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ల నోటనే చెప్పిస్తే పిల్ల మనసు కుదుటపడుతుంది.

రోగికి బంధుమిత్రుల సేవ అన్నిటికంటే చెడ్డదని విలియం గల్ రాశాడు. దాదాపు వందేళ్లు వైద్యులు ఆ దారిలోనే నడిచి, తల్లిదండ్రుల్ని గుమ్మం బయట నిలబెట్టారు. తప్పంతా తల్లిదన్నట్టు కూడా మాట్లాడారు. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి బృందం దీన్ని తిరగేసింది. 1987లో వాళ్లు ప్రచురించిన పరీక్షలో, చిన్నవయసులో మొదలై ఎక్కువ కాలం కాని అనొరెక్సియాకు కుటుంబాన్ని కలుపుకుని చేసిన చికిత్స మెరుగ్గా పనిచేసింది. ఆ బృందంలోని జెరాల్డ్ రస్సెల్‌ బులీమియాను 1979లో మొదటిసారి విడి జబ్బుగా వర్ణించిన వైద్యుడు కూడా. ఇప్పుడు పిల్లల చికిత్సలో అన్నం పెట్టే బాధ్యతను తల్లిదండ్రులకే ఇచ్చి, వాళ్లకు శిక్షణ ఇస్తారు. పెద్దవాళ్ల వార్డుల్లో కూడా ఇంటివాళ్లను ముందు నుంచీ మాటల్లో కలుపుకుంటారు.

కాబట్టి సర్దుకోవలసింది అమ్మ కూడా. ముఖ్యంగా మాటల్ని. మన పలకరింపులన్నీ ఒంటి మీదుగానే వెళతాయి. "చిక్కిపోయావేం", "ఒళ్లు చేశావే", "ఇప్పుడు కళగా ఉన్నావు". ప్రేమతోనే అంటాం. వార్డులో మూడో వారం వీడియో కాల్‌లో పిన్ని "హమ్మయ్య, ఒళ్లు చేశావు!" అంటే, ఆ పిల్లకు వినబడేది వేరు. ఆ రాత్రి కంచం వెనక్కి పోతుంది. బదులుగా "నీ గొంతు విని ఎన్నాళ్లయిందో", "నువ్వు అల్లిన మఫ్లర్ చూపించు" అనొచ్చు. ఇంటి బంధువులందరికీ ఎవరో ఒకరు ముందే ఫోన్ చేసి ఈ ఒక్క విషయం చెప్పిపెట్టాలి.

మన దగ్గరైతే

వీసా మీద చదువుకుంటున్న విద్యార్థులు బ్రిటన్‌లో ఆరోగ్య రుసుము కట్టే ఉంటారు కాబట్టి అక్కడి ప్రభుత్వ వైద్యసేవ వాళ్లకూ అందుతుంది. జీపీ అనే కుటుంబ వైద్యుడి దగ్గర మొదలుపెట్టాలి. మన రాష్ట్రాల్లో ఈ జబ్బుకంటూ విడి వార్డు ఉన్న చోట్లు అరుదు. సైకియాట్రీ విభాగం, జనరల్ మెడిసిన్, డైటీషియన్ ఒకే కప్పు కింద ఉన్న పెద్దాసుపత్రిని చూసుకోవాలి. చేరేముందు మూడు ప్రశ్నలు అడగాలి. రీఫీడింగ్ కోసం రోజూ ఫాస్ఫేట్, పొటాషియం చూస్తారా? భోజనం దగ్గర ఎవరు కూర్చుంటారు? ఇంటికి పంపాక వారం వారం ఎవరు చూస్తారు?

మన ఇళ్లలో ఈ జబ్బు ముందు గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికే వెళుతుంది. హాంగ్‌కాంగ్ సైకియాట్రిస్టు సింగ్ లీ 1990లలో ఒక సంగతి చూపించాడు. అక్కడి రోగుల్లో చాలామంది లావు గురించి ఎత్తనే ఎత్తరు, కడుపుబ్బరమనీ ఆకలి లేదనీ మాత్రమే చెబుతారు. మన దగ్గరా పిల్ల "తినబుద్ధి కావడం లేదు" అంటే ఎండోస్కోపీ చేయిస్తాం, టానిక్కు పట్టిస్తాం, దిష్టి తీస్తాం. పరీక్షలన్నీ మామూలుగా వచ్చి, పిల్ల మాత్రం చిక్కిపోతూ ఉంటే మనసు సంగతి అడగాలి.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కొన్ని హక్కులిచ్చింది. ఆరోగ్యం బాగున్నప్పుడే, తనకు ఎలాంటి చికిత్స కావాలో వద్దో ముందుగా రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని పేర్కొనవచ్చు. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని ఆ చట్టం కంపెనీలకు చెప్పింది. అందుకని పాలసీ కాగితాలూ సంచిలో పెట్టుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు 2022లో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడొచ్చు. మనిషి కళ్లు తిరిగి పడిపోతున్నా, గుండె దడదడలాడుతున్నా, కూర్చున్నచోటి నుంచి లేవలేకపోతున్నా, మాట తికమకపడుతున్నా ఫోన్లతో కాలయాపన చేయొద్దు. నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. చనిపోవాలనిపిస్తోందన్న మాట వినబడినా అంతే.

కాగితం, కలం

సూట్‌కేసులో చివరగా పెట్టుకోవలసినవి ఇవి. మాడ్‌స్లీ వైద్యులు తమ రోగుల్ని రెండు ఉత్తరాలు రాయమనేవారు. అనొరెక్సియాను స్నేహితురాలనుకుని ఒకటి, శత్రువనుకుని ఇంకొకటి. ఆ ఉత్తరాలను విశ్లేషించిన వ్యాసం 1999లో వెలువడింది. స్నేహితురాలికి రాసినవాటిలో కృతజ్ఞత కనిపించింది. నువ్వు నాకు రక్షణ ఇచ్చావు, నా జీవితం నా అదుపులో ఉందన్న ధైర్యం ఇచ్చావు అన్న భావాలవి. రెండో ఉత్తరంలో వాళ్లు పోగొట్టుకున్నవి ఉన్నాయి. స్నేహాలు, ఆరోగ్యం, తిండి తప్ప ఇంకేదైనా ఆలోచించగలిగే తీరిక. జబ్బు ఏమిచ్చిందో ఒప్పుకోకుండా దాన్ని వదలమంటే ఎవరూ వదలలేరు. ఈ ఉత్తరాలు రాయించడంలో ఉన్న మేలు ఇదే.

వీటితో పాటు తనకు తాను మూడో ఉత్తరం రాసుకోమని నేను చెబుతాను. నేనెందుకు వెళుతున్నానో, ఎవరి పెళ్లిలో అలసిపోకుండా నిలబడాలనుకుంటున్నానో, ఏ పుస్తకం మళ్లీ చదవాలనుకుంటున్నానో. రెండో వారంలో ఒళ్లంతా ఉబ్బి, "నీకు బాగానే ఉంది, ఇంటికి పోదాం పద" అని లోపలి గొంతు పోరు పెట్టే రాత్రి ఒకటి వస్తుంది. ఆ రాత్రికి మెదడు ఇంకా ఆకలితోనే ఉంటుంది. తన ఆకలి గురించి తీర్పు చెప్పే స్థితిలో ఉండదు. అప్పటికి ఈ నిర్ణయాన్ని ఇతరుల చేతుల్లో పెట్టి ఉంచడం ఓటమి కాదు. ఆదివారం రాత్రి, కాస్త నిబ్బరంగా ఉన్నప్పుడు, తన దస్తూరీతో రాసుకున్న కాగితం ఆ వేళకు చేతికందాలి.

అమ్మాయి రాస్తోంది. అమ్మ పక్క గదిలోకి వెళ్లి అక్క కూతురికి ఫోన్ చేసింది. ఒంటి గురించి ఎవరూ ఏమీ అనకూడదని మెల్లగా చెబుతోంది, రెండుసార్లు చెప్పింది. తిరిగొచ్చి ఆవకాయ సీసా వంటింట్లో పెట్టి మూత బిగించింది. ఇంటికొచ్చిన రోజుకి ఊరి ఉంటుంది. తర్వాత స్వెటర్ తీసి, మళ్లీ మడతపెట్టి, అన్నిటికంటే పైన పెట్టింది.

"వెళ్లగానే చలేస్తుంది కదా," అంది. "రేపు ఎన్నింటికి బయల్దేరాలమ్మా?"